1/8 స్కేలులో మాసెరాటి 250ఎఫ్ చేత్తో చెయ్యాలి: ముందు బాడీనా, చక్రాలా?

గుజ్జుఫ్యాక్టరీ_ఫిట్టర్ (చిత్తూరు)

అందరికీ నమస్తే. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. సీజన్ ముగిసింది, సాయంత్రాలు ఖాళీ, షెడ్డులో చిన్న లేత్ ఉంది, వాడుకోమని ఓనరు కూడా చెప్పాడు. ఎప్పట్నుంచో మనసులో ఉన్న పని ఇప్పుడు మొదలెడదామనుకుంటున్నా. 1957 జర్మన్ గ్రాండ్‌ప్రీ రేసులో అర్జెంటీనా డ్రైవరు ఫాంజియో నడిపిన మాసెరాటి 250ఎఫ్ రేసు కారు, ఒకటో నంబరుది. కిట్ కొని అతికించడం కాదు, రేకు, ఇత్తడి, చెక్క తెచ్చుకుని ప్రతి ముక్కా నేనే చెయ్యాలి.

ఆ రేసు తెలియని వాళ్లకి రెండు ముక్కలు: న్యూర్‌బర్గ్‌రింగ్‌లో ఒక్కో ల్యాపు 22 కిలోమీటర్లు దాటి ఉంటుంది. పిట్‌లో టైర్లు మార్చుకుని బయటికొచ్చేసరికి ఫాంజియో ముక్కాలు నిమిషానికి పైనే వెనకబడ్డాడు. అక్కడ్నుంచి ల్యాపు రికార్డు మళ్లీ మళ్లీ తిరగరాస్తూ వచ్చి, ఆఖరికి ముందు ల్యాపులో ఫెరారీల మీదున్న కాలిన్స్‌నీ హాథార్న్‌నీ ఇద్దర్నీ దాటేశాడు. వయసు అప్పుడు 46. ఐదో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆ రోజే ఖాయమైంది. అందుకే ఈ కారే కావాలి, వేరేది చెప్పొద్దు :)

నెట్‌లో దొరికిన డ్రాయింగులు రెండు ప్రింటు తీయించా. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2280 మి.మీ. అంటున్నారు, అంటే 1/8లో 285 రావాలి. ఒక ప్రింటులో 285 వచ్చింది, రెండోదాంట్లో 279. ముక్కు ఆకారం కూడా రెండింట్లో వేరు. ఏది నమ్మాలి? బాడీ అల్యూమినియం రేకుతో కొట్టాలా, ఫైబర్ పోయాలా? అన్నిటికంటే టెన్షన్ పెడుతున్నది తీగల చక్రాలు. ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండన్నా.

ప్రింటర్_బ్రో (తిరుపతి)

బ్రో ఎందుకీ తిప్పలు, త్రీడీ ఫైలు దొరికితే నాలుగు ముక్కలుగా ప్రింట్ చేసి, అతికించి, పుట్టీ పూసి రుద్దేస్తే బాడీ అయిపోతుంది. మా కాలేజీ ల్యాబ్‌లో ప్రింటర్ ఉంది, పీఎల్‌ఏ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ) రీలు నువ్వు తెచ్చుకుంటే చాలు. చక్రాలు కూడా రెజిన్‌లో తీసేయొచ్చు.

క్యారేజ్‌షాప్_రిటైర్డ్ (తిరుపతి)

ఫిట్టర్ బాబూ, నీ రెండు డ్రాయింగులూ సరైనవే అయ్యుండొచ్చు. 250ఎఫ్ అంటే ఒక్క కారు కాదు. 1954లో అర్జెంటీనాలో మొదటి రేసు గెలిచిన కారుకీ, 1957 నాటి తేలికపాటి ఫ్రేము కారుకీ ముక్కు వేరు, బాడీ వేరు. మొత్తం చేసినవే ఇరవై చిల్లర, అవి కూడా రేసు రేసుకీ మారుతూ వచ్చాయి. దెబ్బ తగిలితే కొత్త ముక్కు వేసేవాళ్లు, వేడెక్కితే కొత్త గాలి కన్నం కోసేవాళ్లు. నువ్వు రేసు ఎంచుకున్నావు కాబట్టి సగం గొడవ తీరింది. ఆగస్టు 4న ఆ ట్రాక్ మీద తీసిన ఫోటోలు తప్ప మిగతావి పక్కన పెట్టు. మ్యూజియంలో ఉన్న కారు ఫోటో ఎంత అందంగా ఉన్నా సరే, తర్వాత రిపేరు చేసినవాళ్లు ఏం మార్చారో నీకు కనపడదు.

279 సంగతి వేరు, అది జిరాక్స్ షాపు పని అని నా అనుమానం. 'ఫిట్ టు పేజ్' నొక్కితే రెండు శాతం తగ్గుతుంది, లెక్క వేసుకో, 285లో రెండు శాతం పోతే 279 మీదే నిలబడుతుంది. డ్రాయింగు మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి వంద మిల్లీమీటర్ల గీతలు గీయించి ప్రింటు తీయమను. రెండూ కొలువు. కొన్ని మిషన్లు ఒక వైపే సాగదీస్తాయి.

ఫోటో నుంచి కొలత తీయాలంటే రిమ్ము ఆధారం చేసుకో, 16 అంగుళాలది, అంటే 1/8లో రెండంగుళాలు. కానీ ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. ఆ 16 అంగుళాలు టైరు కూర్చునే చోట కొలత, ఫోటోలో కనిపించేది బయటి అంచు. అది చుట్టూ ఒక పదిహేడు మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువుంటుంది. అది మర్చిపోతే కారు మొత్తం ఎనిమిది శాతం చిన్నదైపోతుంది.

@ప్రింటర్_బ్రో, బాబూ, ప్రింటరు మీద నాకేం కోపం లేదు. కానీ పీఎల్‌ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మే నెలలో తిరుపతి ఎండలో అద్దాలు మూసిన కారులో పెట్టి ఎవరికో చూపిద్దామని తీసుకెళ్తే దిగేసరికి మాసెరాటి సాగిలపడి ఉంటుంది. ఆకారం చూసుకోవడానికి అచ్చు ముక్కలు తీసివ్వు, అది నిజంగా సాయమే.

షోళవరం_రోజులు (పుత్తూరు)

ఫిట్టర్ గారూ, వేరేది చెప్పొద్దన్నారు గానీ చెప్తున్నా. డెబ్బైల్లో మద్రాసు దగ్గర షోళవరం పాత రన్‌వే మీద కారు రేసులు చూసి పెరిగినవాణ్ని, ఆ కంకర దుమ్ము నా ముక్కులో ఇప్పటికీ ఉంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. మొదటి మోడల్‌కి 250ఎఫ్ వద్దు. బుగట్టి టైప్ 35 చెయ్యండి. 1924లో లియాన్ రేసుకి వచ్చిన కారు. వీల్‌బేస్ 2400, చక్రాల మధ్య వెడల్పు 1200, అంటే మీ స్కేలులో 300, 150, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. చక్రాలు అల్యూమినియం పోత, బల్లపరుపుగా ఎనిమిది ఆకులు, బ్రేకు డ్రమ్ము కూడా దానితోనే కలిపి పోసింది. లేత్ ఉన్నవాడికి అది పండగ. బాడీ కూడా దాదాపు ఒకే వైపు వంపులు, రేకు చుట్టేస్తే కూర్చుంటుంది. 250ఎఫ్ ముక్కు అన్ని వైపులా వంపే.

క్యారేజ్‌షాప్_రిటైర్డ్ (తిరుపతి)

షోళవరం గారూ, స్పోకులు తప్పించుకుని బుగట్టి ముందు యాక్సిల్ దగ్గర దొరికిపోతాడు కుర్రాడు. అది లోపల బోలు, స్ప్రింగు పట్టీలు దాని మధ్యలోంచి దూరి పోతాయి. ఎనిమిదో వంతు సైజులో ఆ చదరపు కన్నాలు ఆకురాయితో తీర్చి చూడండి. ఏ కారైనా ఎక్కడో ఒకచోట ఏడిపిస్తుంది, ఇష్టమైన కారు దగ్గర ఏడిస్తే పని ఆగదు.

అడిగినదానికి నా మాట: చక్రాలు ముందు. నాలుగూ కాదు, ఒక్కటి. అది కుదిరితే కారు కుదురుతుంది, కుదరకపోతే బాడీ కొట్టిన శ్రమ మిగులుతుంది.

రిమ్మూ హబ్బూ అల్యూమినియంలో లేత్ మీద తీసుకో. చక్ (లేత్‌లో ముక్కని పట్టుకునే భాగం) చుట్టూ డిగ్రీల కాగితం అంటించి, సూది ముల్లు ఒకటి నిలబెడితే భాగాలు పంచుకోవచ్చు. ఎన్ని స్పోకులో పుస్తకం చూసి వెయ్యకు, నువ్వు ఎంచుకున్న ఫోటోలో గాలి వాల్వు దగ్గర మొదలుపెట్టి లెక్కపెట్టు. స్పోకుకి గిటారు తీగలు అమ్మే చోట 0.016 అంగుళాల ప్లెయిన్ తీగ అడుగు, అది దాదాపు 0.4 మి.మీ., సరిపోతుంది. రిమ్ము వైపు కనిపించే నిపుల్‌కి (స్పోకు చివర ఉండే చిన్న గొట్టం) 22 గేజి ఇంజెక్షన్ సూది కోసి వాడు. దాని లోపలి బోలు 0.41, తీగ గట్టిగా దూరుతుంది, బయట 0.72, కాబట్టి రిమ్ములో కన్నం ముప్పావు మిల్లీమీటరు. కన్నాలు వేసేటప్పుడు బిట్టు మీద కిరోసిన్ చుక్క, స్పీడు ఎక్కువ, ఒత్తిడి తక్కువ, రెండు మూడు సార్లు బయటికి తీసి పొట్టు ఊదు. అల్యూమినియం బిట్టుకి అంటుకుందంటే లోపలే విరుగుతుంది, విరిగిన ముక్క బయటికి రాదు. ఆ రిమ్ము ఇక గోడకి తగిలించుకోవడమే.

ఇంకోటి, అల్లేటప్పుడు రిమ్మునీ హబ్బునీ చేత్తో పట్టుకోవద్దు. మందపాటి ఎమ్‌డీఎఫ్ పలకలో రిమ్ము కూర్చునేలా గాడి, మధ్యలో హబ్బుకి కుదురు. హబ్బు రిమ్ము కంటే ఎంత లోపలికి ఉండాలో ఆ కుదురు ఎత్తే చెప్పాలి. లోపలి వరస అంతా ఒక వైపు వాలుగా వేసి, తర్వాత ఎదురు వాలు, ఆ తర్వాతే బయటి వరస.

ఆఫ్‌సెట్_అన్న (చిత్తూరు)

చక్రాల సంగతి పెద్దాయన చెప్పేశారు. బాడీకి ఫైబర్ పొయ్యకు తమ్ముడూ. అసలు కారు బాడీ ఫాంటుజ్జి అనే ఆయన షాపులో చేత్తో కొట్టిన అల్యూమినియం. ఆ కారుకి ఆ మెరుపు, ఆ చిన్న చిన్న అలలు రేకుతోనే వస్తాయి, రంగు వేశాక కూడా తెలుస్తుంది.

రేకు కోసం డబ్బు తగలెయ్యొద్దు. మాది ప్రింటింగ్ ప్రెస్సు, వాడేసిన ఆఫ్‌సెట్ ప్లేట్లు తూకానికి పోతాయి. దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం, పావు మిల్లీమీటరు చిల్లర మందం. ఏ ప్రెస్సులో అడిగినా ఇస్తారు. థిన్నర్‌తో ఇంకు కడిగేసుకో. ముక్కు లాంటి లోతైన చోట్ల మాత్రం అది చిరుగుతుంది, అక్కడికి అర మిల్లీమీటరు మెత్త రేకు తీసుకో. అసలు కారు రేకుని ఎనిమిదితో భాగిస్తే కాగితమంతే, ఆ మందం ఎలాగూ రాదు. కాక్‌పిట్ అంచు, గాలి కన్నాలు, ఇలా కంటికి కనపడే అంచుల్ని మాత్రం లోపల్నుంచి ఆకురాయితో పల్చన చెయ్యి, చూసేవాడు మొత్తం పల్చనే అనుకుంటాడు.

కొట్టే ముందు మెత్తబెట్టాలి. మా వీధిలో ఇత్తడి బిందెలు చేసే కంచరి తాత ఒకాయన ఉండేవాడు, ఇత్తడినైతే ఎర్రబడేదాకా కాల్చేవాడు. అల్యూమినియంతో అలా చేస్తే ఎర్రబడదు, 660 డిగ్రీలకి ఉన్నట్టుండి కారిపోతుంది. బట్టల సబ్బుతో రేకు మీద గీతలు గియ్యి, వెనక నుంచి గ్యాస్ మంట తిప్పుతూ చూపించు, సబ్బు నల్లబడగానే మంట తీసెయ్యి. చల్లారాక చేత్తోనే వంగుతుంది. కొట్టేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది, గట్టిపడిందని సుత్తి శబ్దమే చెప్తుంది, కణకణమంటే మళ్లీ సబ్బు, మళ్లీ మంట. బలంగా కొట్టి ఆకారం తెద్దామనుకుంటే పగుళ్లే.

కింద పెట్టే అచ్చుకి సామిల్లులో టేకు తుంటలు దొరుకుతాయి. బరువున్న చెక్క బాగుంటుంది కదా అని ఎర్రచందనం ముక్క ఎవర్నీ అడగమాక, కారు పూర్తయ్యేలోపు టాస్క్‌ఫోర్స్ జీపు వస్తుంది.

గుజ్జుఫ్యాక్టరీ_ఫిట్టర్ (చిత్తూరు)

అందరికీ చాలా థ్యాంక్స్. పెద్దాయనా, మీరు చెప్పినట్టు గీతలు గీసి మళ్లీ ప్రింటు తీయించా, అడ్డం 98, నిలువు 98. షాపువాడు 'మామూలే సార్' అన్నాడు.

షోళవరం సార్, బుగట్టి తర్వాత చేస్తా, ముందు ఫాంజియోనే. ప్రింటర్ బ్రో, ముక్కు భాగానికి అడ్డకోతల పలకలు ప్రింట్ తీసివ్వగలవా? చెక్క అచ్చు చెక్కేటప్పుడు ఆనించి చూసుకుంటా. రీలు తెస్తా.

ఒక డౌటు మిగిలింది, గిటారు తీగ మా సైడ్ కట్టర్‌తో కత్తిరిస్తే కట్టర్ పళ్లకే గాట్లు పడ్డాయి, చివర కూడా నలిగిపోయి సూదిలోకి దూరడం లేదు.

క్యారేజ్‌షాప్_రిటైర్డ్ (తిరుపతి)

అది స్ప్రింగు ఉక్కు, మామూలు కట్టర్‌కి లొంగదు. హ్యాండ్ గ్రైండర్‌కి పల్చటి కటింగ్ చక్రం వేసి కొయ్యి, కళ్లద్దాలు పెట్టుకో. చివర రాయి మీద తిప్పుతూ కొంచెం మొన చేస్తే సూదిలోకి జారిపోతుంది. సూదిని కూడా అలాగే కొయ్యి, కోసేటప్పుడు లోపల తీగ ముక్క ఉంచితే నోరు మూసుకుపోదు. మొదటి చక్రం ఫోటో పెట్టు, ఎదురు వాలు సరిగ్గా పడిందో లేదో చూసి చెప్తా.

ప్రింటర్_బ్రో (తిరుపతి)

పలకలు తీసిస్తా బ్రో, సెంటీమీటరుకొకటి చాలా? ముక్కు దగ్గర అర సెంటీమీటరుకి తీయమంటావా? కొలతలు పంపు, శనివారం ల్యాబ్ ఖాళీ.