మూడేళ్లు దాటిన నాటుపెట్టను ఉంచాలా, అమ్మేయాలా?

పెరటిగంప:
మా నాటుపెట్టకు నాలుగో ఏడు నడుస్తోంది. మొదట్లో విడతకు పన్నెండు, పద్నాలుగు గుడ్లు పెట్టేది. ఇప్పుడు ఏడో ఎనిమిదో పెట్టి పొదుగుకు కూర్చుంటోంది. పోయిన విడతలో ఒకటి తోలుగుడ్డు కూడా, గట్టి పెంకు లేకుండా మెత్తగా. "గింజలు దండగ, సంక్రాంతికి నాటుకోడికి మంచి ధర పలుకుతుంది, ఇచ్చేద్దాం" అంటారు మా అత్తయ్య. నాకు మనసొప్పడం లేదు. మనసు సంగతి అలా ఉంచి లెక్క చెప్పండి, ఇక దీనివల్ల లాభం ఉందా?

గోదారిలెక్క:
మీ అత్తగారి మాటే రైటు. ఫారాల్లో తెల్ల లేయర్లను, అంటే గుడ్ల కోసమే పెంచే కోళ్లను, 72, 80 వారాల వయసుకే తీసేస్తారు. ఈమధ్య కొందరు 100 వారాల దాకా లాగుతున్నారు, అంతే. రెండో ఏడు నుంచి గుడ్లు తగ్గుతాయి, పెంకు పల్చబడుతుంది, మేత మాత్రం తగ్గదు. ఏడాదికి 300 పెట్టినదాన్నే పంపేస్తుంటే మీ పెట్ట ఎంత?

సిద్దిపేటపెట్ట:
అన్నా, ఫారం లెక్క తెచ్చి పెరట్ల పెడితే ఎట్ల? ఫారం కోడి రోజుకు 110 గ్రాముల దాకా కొన్న దాణా తింటది. అక్క పెట్ట పిడికెడు నూకలు తిని, మిగిలిందంత పెంటకుప్పల ఏరుకుంటది. నాటుపెట్ట ఏడాదికి పెట్టేదే 50, 60. గుడ్లే కావాల్నంటే గ్రామప్రియ తెచ్చుకోవాలె, రాజేంద్రనగర్‌ల కోళ్ల పరిశోధన సంస్థ తీసిన రకం. కానీ అది పొదగదు గదా! మేం బాతుగుడ్లు గూడ ముసలిపెట్ట కిందనే వేస్తం. కోడిగుడ్లకు 21 రోజులు చాలు, వీటికి 28. అన్ని రోజులు లేవకుండ కూర్చుంటది పాపం. తీరా పిల్లలు కుంటల దిగినంక ఒడ్డుమీద అటూ ఇటూ ఉరుకుతు ఒకటే అరుపు.

చుక్కలపుంజు:
కోడి కడుపులో గుడ్లు పుట్టుకతోనే లెక్కగా ఉంటాయండీ. ఫారాల్లోలా రాత్రిపూట లైటు వేసి గబగబా పెట్టిస్తే గబగబా అయిపోతాయి, కోడీ పోతుంది. పూర్వం కోళ్లు పదేళ్లు బతికేవంటే ఊరికేనా?

పశువైద్యం_మూడోఏడు:
చుక్కలపుంజు గారూ, అండాశయంలో బీజాలు పుట్టుకతోనే వస్తాయి, అంతవరకు నిజం. కానీ అవి వేలకు వేలు, జీవితాంతం పెట్టేవి కొన్ని వందలే. నిల్వ అయిపోయి ఆగడం కాదు, వయసు మీదపడితే పచ్చసొన తయారయ్యే వేగం తగ్గుతుంది.

అసలు దెబ్బ వేరే చోట. ఒక్కో పెంకుకు రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలి. మేతలో చాలకపోతే ఎముకల్లోంచి లాగుతుంది. దాదాపు రోజూ పెట్టే తెల్లకోళ్లలో ఎముకలు విరగడం, గుడ్డు అడ్డం పడటం, రెండేళ్లు దాటితే అండాశయ క్యాన్సర్ కనిపిస్తాయి. మనుషుల్లో ఆ జబ్బును అర్థం చేసుకోవడానికి ముసలి లేయర్లనే పరిశోధనల్లో వాడతారు. విడతకూ విడతకూ మధ్య పొదుగు పేరుతో సెలవు తీసుకునే నాటుపెట్టకు ఆ ఒత్తిడి తక్కువ.

పదేళ్ల మాట మాత్రం ఒప్పుకోను. పూర్వం కోళ్లు ముసలితనం దాకా ఎక్కడ ఉండేవి? కొక్కెర తెగులుకో, గద్దకో, పండక్కో పోయేవి. టీకాలు వేయించి చూసుకుంటే ఐదు నుంచి ఎనిమిదేళ్లు మామూలే. అమెరికాలోని మిషిగన్‌లో పీనట్ అనే పెట్ట 2023 చివర్లో పోయేనాటికి 21 ఏళ్లది.

పెరటిగంప గారూ, ఇప్పుడు ఈకలు రాలుస్తోందా? పగలు కురచయ్యే రోజుల్లో ఈకలు మార్చుకుంటూ రెండుమూడు నెలలు గుడ్లు ఆపేస్తుంది, దాన్ని ముసలితనం అనుకుని అమ్మేస్తుంటారు. తురాయి ఎర్రగా ఉందేమో, తోక కింద రెండు ఎముకల మధ్య రెండు వేళ్లు పడుతున్నాయేమో చూడండి. అలా ఉంటే ఇంకా గుడ్లు పెడుతున్నట్టే.

గోదారిలెక్క:
సరే, గుడ్లకు కాకపోయినా పొదిగి పిల్లల్ని తీయడానికి ఉంచుకోవచ్చన్న లెక్కకు ఒప్పుకుంటా. అయితే దాని గుడ్లే దాని కింద వేయకండి, ముసలిపెట్ట గుడ్లలో మురిగేవి ఎక్కువ. లేతపెట్టల గుడ్లు వేయండి.

పెరటిగంప:
రెండు వేళ్లూ పట్టాయి, ఈకలు రాలడం లేదు. ఆల్చిప్పల పొడి కూడా పెడుతున్నా. పక్కింటి వాళ్ల గుడ్లు పది తెచ్చి నిన్నే గంపలో వేశాం. "మురిగినవి మూడు దాటితే పండక్కి నా మాటే" అన్నారు అత్తయ్య.

సిద్దిపేటపెట్ట:
ఏడో రోజు చీకట్ల టార్చి పెట్టి చూడక్కా. లోపల ఎర్రటి నరాలు కనిపియ్యకుంటే తీసెయ్. అత్తమ్మ లెక్కపెట్టకముందే.