యూరోపియం సంక్లిష్టానికి వర్ణపటం చాలదా, స్ఫటికం చూపించాల్సిందేనా?

సిరిపురం_రసాయని:
విశాఖలో పరిశోధన చేస్తున్నాను. యూరోపియం అనే లోహ అయాను చుట్టూ మూడు బీటా-డైకీటోన్లు, ఒక ఫినాంత్రోలిన్ లైగాండ్లుగా (లోహాన్ని పట్టుకునే అణువులుగా) ఉన్న సంక్లిష్టాన్ని తయారు చేశాను. అతినీలలోహిత దీపం కింద ఎర్రగా వెలుగుతోంది. మూలక విశ్లేషణ, పరారుణ వర్ణపటం సరిపోయాయి. ఎన్ని ద్రావణులు మార్చినా పొడే వస్తోంది కానీ స్ఫటికం కట్టడం లేదు. ఎక్స్-కిరణాలతో తేల్చిన స్ఫటిక నిర్మాణం లేనిదే వ్యాసం కుదరదని పత్రిక సమీక్షకుడు అంటున్నారు. యూరోపియం వెలుగే దాని చుట్టూ ఏముందో చెబుతుందని అందరూ ఒప్పుకుంటున్నప్పుడు ఈ పట్టుదల ఎందుకు?

లాసన్స్‌బే_మాస్టారు:
సమీక్షకుడి మాటే న్యాయం. ఈ వెలుగుకు మూలమైన లోపలి 4ఎఫ్ ఎలక్ట్రాన్లను బయటి 5ఎస్, 5పి ఎలక్ట్రాన్లు కప్పి ఉంచుతాయి. అందుకే ఏ లైగాండ్ కట్టినా యూరోపియం 615 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, టెర్బియం 545 దగ్గర పచ్చగా వెలుగుతాయి. లైగాండ్ పేరు కూడా అడగని రంగును చూసి లైగాండ్ల అమరిక చెబుతామంటే ఎలా?

భీమిలి_వర్ణపటం:
మాస్టారూ, వెలుగు వర్ణపటంలో గీతలు ఉన్న చోటు నుంచి పెద్దగా కదలవన్నది నిజం. కానీ వాటి బలం మారుతుంది, అవి చీలే తీరు మారుతుంది. మేము చదివేది వాటినే. 592 దగ్గరి గీత అయస్కాంత ద్విధ్రువ మార్గంలో వస్తుంది, దాని బలాన్ని పరిసరాలు దాదాపు ముట్టుకోవు. 615 గీతది పూర్తిగా వేరే స్వభావం, చుట్టుపక్కల చిన్న మార్పు జరిగినా పెరిగిపోతుంది. అయాను సౌష్ఠవ కేంద్రంలో, అంటే ఎదురెదురు పక్కలు ఒకేలా ఉండే బిందువులో కూర్చుంటే 615 గీత దాదాపు పడిపోయి 592 గీతే పైచేయి అవుతుంది. కాబట్టి ఈ రెండింటి నిష్పత్తి చూసి సౌష్ఠవం ఎంత చెడిందో అంచనా వేస్తాం.

అన్నిటికన్నా పనికొచ్చేది 580 దగ్గరి సన్న గీత. దానికి పై స్థాయీ కింది స్థాయీ రెండూ చీలడానికి వీల్లేనివి. ఒక రకం స్థానానికి ఒకటే గీత రావాలి. రెండు కనిపించాయంటే మీ పొడిలో కనీసం రెండు రకాల యూరోపియం ఉన్నట్లే. ఎనిమిది పరమాణువులు చుట్టూ చేరినప్పుడు అది చతురస్ర ప్రతిపట్టకమా, ద్వాదశఫలకమా అని మాత్రం ఈ గీతలను అడక్కండి. నిజమైన అణువులు ఆ రెండింటికీ మధ్య ఎక్కడో వంకరగా ఉంటాయి. బంధాల పొడవులు, కోణాలు వర్ణపటంలో రావు. తప్పు నమూనాను కొట్టేయడానికి అది బాగా పనికొస్తుంది, సరైనది ఇదేనని తేల్చడానికి చాలదు.

యురేనైల్_పచ్చ:
చర్చంతా లాంథనైడ్ల (యూరోపియం, టెర్బియం ఉన్న మూలకాల వరుస) చుట్టూనే తిరుగుతోంది. యురేనైల్ (యురేనియానికి రెండు ఆక్సిజన్లు కట్టిన అయాను) పచ్చ వెలుగు ఎలక్ట్రాన్ ఒక ఎఫ్ స్థాయి నుంచి మరో ఎఫ్ స్థాయికి దూకడం వల్ల వచ్చేది కాదు, ఆక్సిజన్ నుంచి యురేనియంకు ఆవేశం బదిలీ కావడంతో ముడిపడినది. దాని వర్ణపటంలో పట్టీల మధ్య ఎడం సెంటీమీటరుకు సుమారు 850 తరంగాలు, అంటే యురేనియం-ఆక్సిజన్ బంధం కంపనమే అక్కడ కనిపిస్తుంది. (1896లో బెకెరెల్ యురేనియం లవణాన్ని ఎంచుకున్నది ఈ వెలుగు కోసమే, దొరికింది మాత్రం రేడియోధార్మికత.) ఇక క్యూరియం చూడండి. నీటిలో 594 దగ్గర వెలిగే ఆ అయాను లైగాండ్ కట్టగానే ఎరుపు వైపు జరుగుతుంది. స్ఫటికం ఊహకందనంత పలుచని ద్రావణాల్లో ఆ జరుగుబాటును బట్టే సంక్లిష్టాలను గుర్తిస్తారు. అక్కడా సమీక్షకులు స్ఫటికం అడుగుతారా?

లాసన్స్‌బే_మాస్టారు:
క్యూరియం వాళ్లకు గత్యంతరం లేదు. యూరోపియం గ్రాముల్లో దొరుకుతుంది.

ఎంవీపీ_ద్రావణం:
స్ఫటికం చెప్పేది స్ఫటికం గురించే కదా మాస్టారూ? కరిగించగానే లోపలికి నీళ్లు దూరితే ఆ నిర్మాణం దేనికి? 1979లో హారక్స్, సడ్నిక్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఇచ్చిన పద్ధతి ఉంది. అయానును పట్టుకున్న మామూలు నీరు దాని వెలుగును త్వరగా ఆర్పేస్తుంది, భారజలం (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీరు) అంతగా ఆర్పదు. మామూలు నీటిలో, భారజలంలో వెలుగు ఎంతసేపు నిలుస్తుందో కొలిస్తే యూరోపియాన్ని పట్టుకున్న నీటి అణువుల సంఖ్య వస్తుంది. లైగాండ్లు లేని అయానుకు మామూలు నీటిలో 0.11 మిల్లీసెకన్లు, భారజలంలో దాదాపు 4. లెక్క కడితే 9కి దగ్గరగా వస్తుంది.

మన ఊరి గాలితో ఒక తంటా ఉంది. సీసా మూత తీసి ఉంచితే భారజలం తేమను లాగేసుకుంటుంది. ఒక శాతం మామూలు నీరు కలిసినా 4 మిల్లీసెకన్లు 3కి దిగుతాయి. కంగారు పడకండి, నీటి అణువుల లెక్కలో తేడా 0.1 మాత్రమే, ఆ పద్ధతికే సగం అణువు అటూ ఇటూ ఉంటుంది. కానీ 3 మిల్లీసెకన్లు చూసి లైగాండ్ గుణం గురించి పేరాలు రాసేవాళ్లున్నారు.

సిరిపురం_రసాయని:
నాది నీటిలో కరగదు. పొడిలో 580 దగ్గర ఒకటే గీత, 615 చాలా బలంగా ఉంది. "ఒకే రకం స్థానం, సౌష్ఠవ కేంద్రం లేదు" అని రాస్తే ఒప్పుకుంటారా?

భీమిలి_వర్ణపటం:
రెండోది రాయండి. మొదటిది ఇప్పుడే వద్దు, రెండు గీతలు కలిసిపోయి ఒకటిగా కనిపించవచ్చు. ద్రవ నైట్రోజన్‌లో, 77 కెల్విన్ దగ్గర మళ్లీ తీసి చూడండి. ఈలోగా అవే లైగాండ్లతో గెడోలినియం సంక్లిష్టం చేయండి, అయాను పరిమాణంలో తేడా స్వల్పం. అది స్ఫటికం కడితే దాని నిర్మాణం నుంచి లెక్కగట్టిన ఎక్స్-కిరణాల పొడి వివర్తన నమూనాను మీ యూరోపియం పొడితో పోల్చవచ్చు.

లాసన్స్‌బే_మాస్టారు:
ఆ రెండు నమూనాలూ కలిస్తే సమీక్షకుడి స్థానంలో నేనున్నా అడ్డు చెప్పను. కలవకపోతే మాత్రం వ్యాసం శీర్షికలో "నిర్మాణం" అన్న మాట తీసేసి పంపండి.