కంపోస్ట్ డబ్బా కంపు కొడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నెల నుంచి వంటింటి తొక్కలు, కోసిన గడ్డి అన్నీ ఒకే డబ్బాలో వేస్తున్నానండి, ఇప్పుడు అడుగున నీళ్ళు పట్టి కుళ్ళిన గుడ్డు వాసన వస్తోంది, ఇంత చేశాక పారేయడానికి మనసొప్పట్లేదు, బాగుచేయొచ్చా?

జవాబు 1: అయ్యో పారేయకండి! గాలి ఆడకపోతేనే ఆ వాసన. మొత్తం తిరగేసి, 1 వంతు తడి చెత్తకి 2-3 వంతులు ఎండుటాకులో చింపిన అట్టముక్కలో కలపండి, అడుగున చిల్లులు లేకపోతే ముందు అవి పెట్టండి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకట్రెండు చుక్కలు రావాలి అంతే, ధారగా కారితే ఇంకా ఎండుది వేయాలి.

జవాబు 2: కరెక్ట్. పచ్చి గడ్డి మందంగా వేస్తే చాపలా అతుక్కుపోతుంది, నేనైతే రెండ్రోజులు ఎండబెట్టే వేస్తా. మాంసం, నూనె వద్దు, ఎలకలొస్తాయి.

అడిగినవారు: చిల్లులే లేవండి! ఈరోజే పెడతా, థాంక్స్.