సమస్యాపూరణం: పెండ్లి కాని జంట పెత్తనమ్ము

ఆటవెలది నాలుగవ పాదంగా ఈ సమస్యను ఇస్తున్నాము. అణువుల ఆకృతికి అన్వయించి పూరించవలసిందిగా సభ్యులకు మనవి.

మొదటి పూరణ

నీటి యణువునందు నిలువదు సరళత
రెండు జతలు నెట్ట రెండు జతల
కోణ మించుకంత కుంచించుకొనిపోయె
పెండ్లి కాని జంట పెత్తనమ్ము

సమీక్ష: బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ల ఒంటరి జంటను పెండ్లి కాని జంటగా గ్రహించడం సమస్యకు సరిగ్గా అతికింది. ఒకే కేంద్రకానికి చెందిన ఆ జంట ఎక్కువ చోటు ఆక్రమించి బంధ జంటలను దగ్గరకు నెట్టడం వల్లనే 109.5 డిగ్రీలుండవలసిన కోణం 104.5 డిగ్రీలకు తగ్గింది. ఇక్కడ "సరళత" అంటే సరళరేఖలా ఉండడం; సులభత్వమన్న భ్రమ కలుగుతుంది కాని, దోషం కాదు.

రెండవ పూరణ

మూడు బంధములను ముక్కాలి పీటయై
నత్రజనియె నిలిచె నడిమి నిక్కి
చదును చేయనీదు శాసించి పైనుండి
పెండ్లి కాని జంట పెత్తనమ్ము

సమీక్ష: మూడవ పాదం మొదట "చదును చేయనీదు కావలి కాచుచు" అని వచ్చింది, చ, కా లకు యతి చెల్లదనగా కవయిత్రిగారు ఇలా సవరించారు. ముక్కాలి పీట అమ్మోనియాకు చక్కని పోలిక. ఒంటరి జంట లేని బోరాన్ ట్రైఫ్లోరైడ్ 120 డిగ్రీల కోణాలతో పలకలా చదునుగానే ఉంటుంది. అయితే అమ్మోనియా అణువు పెనుగాలికి తిరగబడిన గొడుగులా సెకనుకు దాదాపు 2,400 కోట్ల మార్లు అటునిటు మారుతూ, ప్రతిసారీ ఆ చదును స్థితిని దాటుతూనే ఉంటుంది; 1954లో కొలంబియా విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త టౌన్స్ బృందం తొలి మేసర్‌ను (సూక్ష్మతరంగాలను వర్ధిల్లజేసే సాధనాన్ని) నడిపింది ఈ మార్పు ఆధారంగానే. కనుక "చదును నిలువనీదు" అంటే ఛందస్సూ చెడదు, రసాయన శాస్త్రమూ చెడదు.

మూడవ పూరణ

మూడు జతలు నడుమ మోహరించిన గాని
వంగ దింత యైన వరుస తప్పి
ఎదుటి కెదురు నిలిపె నిరువైపు లందున
పెండ్లి కాని జంట పెత్తనమ్ము

సమీక్ష: ఒంటరి జంట వంచుతుందని అందరూ వ్రాస్తుండగా, నిటారుగా నిలుపుతుందన్నారు. ఇది జినాన్ డైఫ్లోరైడ్ అని పోల్చుకున్నాము. మూడు ఒంటరి జంటలు నడుము చుట్టూ సమంగా సర్దుకోవడం వల్ల ఫ్లోరిన్లు రెండూ 180 డిగ్రీలలో ఎదురెదురుగా నిలుస్తాయి. కాని పద్యంలో జినాన్ పేరే లేదు.

కవి సమాధానం: ఆర్యా, "జినాను" జగణం కావడంతో సూర్యగణాలలో ఇమడలేదు. ముందు "ఈ" చేర్చి మొదటి పాదాన్ని "ఈ జినానునందు నిట మూడు మూగినన్" అని మార్చాను. "ఇట" వ్యర్థపదమే అయినా, పేరు వదలడం కంటే మేలనిపించింది.