సొఉల్ వెళ్ళి కిమ్ 'సొబాంగ్'ను వెతకడం: ఆ 'సొ' ఏమిటి?

గోదావరి గట్టు:
మా అమ్మాయి చదువుకుంటున్న సొఉల్ నగరంలో గత అక్టోబరులో పన్నెండు రోజులు ఉండి వచ్చాను. ఒకనాడు వాళ్ళ ఆచార్యుల ఇంటికి భోజనానికి బయలుదేరి, చిరునామా కాగితం గదిలో మరిచి, మేమున్న వసతిగృహం పెద్దావిడను 'కిమ్ గారి ఇల్లు ఎక్కడండీ' అని అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ నవ్వి ఒక సామెత చెప్పారు. అందులో మొదట సొఉల్, తరువాత కిమ్ వినిపించాయి. ఆ తరువాతి మాటను నేను 'సెబాన్' అని రాసుకున్నాను. దానికి 'అల్లుడు' అని అర్థమని అమ్మాయి చెప్పింది. రాజధానికి వెళ్ళి అల్లుణ్ణి వెతకడమేమిటో నాకు బోధపడలేదు. పూర్తి సామెత, ఆ మాటకు సరైన రూపం, అర్థం తెలిసినవారు చెప్పగలరు. మన పత్రికలు 'సియోల్' అని రాస్తుంటే అక్కడ ఒక్కరూ అలా పలకలేదన్నది నా రెండో సందేహం.

మూసీ చదువరి:
మీరు విన్న సామెత 'సొఉల్ గాసొ కిమ్ సొబాంగ్ ఛత్‌కి'. మాటకు మాట పెడితే 'సొఉల్ వెళ్ళి కిమ్ సొబాంగ్‌ను వెతకడం' అవుతుంది. పదాల వరుస మన వాక్యంలో ఉన్నట్టే ఉంది, 'గాసొ' మన క్త్వార్థకం ('వెళ్ళి', 'చేసి' వంటి రూపం) చేసే పనే చేస్తోంది. నాలుగైదు మాటల సామెతలో ఆ 'సొ' అక్షరం మూడుసార్లు వచ్చిందని గమనించండి.

అర్థం విషయంలో మాత్రం మీ అమ్మాయితో విభేదిస్తున్నాను. అత్తవారు అల్లుణ్ణి ఇంటిపేరు చేర్చి 'కిమ్ సొబాంగ్' అని పిలిచే మాట నిజమే కాని, పూర్వం ఏ పదవీ లేని మగవారి ఇంటిపేరు పక్కన కూడా ఆ మాటనే చేర్చేవారు. సామెతలో ఉన్నది ఈ రెండో అర్థమే. కొరియాలో ఐదుగురిలో ఒకరికి పైగా ఇంటిపేరు కిమ్ కాబట్టి, రాజధానిలో అంతమంది మధ్య 'కిమ్ గారు' ఎవరని వెతుకుతారు? ఇంటిపేర్లు వేలకొద్దీ ఉన్న మనకు ఇంటిపేరుతో ఈ సామెత పొసగదు. 'పట్నం పోయి శ్రీనును వెతికినట్టు' అంటే సరిపోతుంది. 'సొఉల్' అన్న మాటకే రాజధాని అని అర్థం గనుక 'పట్నం' అనడంలో తప్పులేదు. 'సొఉల్'కు చీనా లిపిలో రూపం లేదు. చీనావారు పాత పేరైన హాన్‌చెంగ్‌నే వాడుతుంటే, నగరపాలకులు కోరి 2005లో ధ్వనికి దగ్గరగా ఉండే షౌఅర్ అన్న రూపాన్ని పెట్టించారు.

తుంగభద్ర:
చదువరి మాస్టారి అర్థవివరణ బాగుంది కాని, ఆ అచ్చును 'సొ' అని రాయడాన్ని నేను అంగీకరించను. 'ఒ' పలకడానికి పెదవులు గుండ్రం చేయాలి, ఆ కొరియన్ అచ్చుకు చేయనక్కరలేదు. అది మన 'అ'కే దగ్గర కాబట్టి 'సఉల్', 'సబాంగ్' అని రాయాలి. రోమన్ లిపిలో ఒకే అచ్చుకు రెండక్షరాలు వాడటం చూసి మనవాళ్ళు ఇ, ఓలుగా విడదీసినందువల్లనే 'సియోల్' పుట్టింది.

ఇది పండితుల పట్టింపు మాత్రమే కాదు, ప్రయాణికులకు అవసరమైన సంగతి. మెట్రో రెండో మార్గంలో నగరానికి పడమటి వైపు విశ్వవిద్యాలయాల దగ్గర సిన్‌ఛోన్ ఉంది, తూర్పున జామ్‌సిల్ పక్కన సిన్‌ఛన్ ఉండేది. తేడా ఒక్క అచ్చులోనే ఉండటంతో జనం ఒకచోటికి బదులు మరొకచోట దిగుతున్నారని, 2016 డిసెంబరులో రెండోదాని పేరు జామ్‌సిల్‌సేనే అని మార్చారు. 'సిన్‌ఛన్' అంటే కొత్త ఏరు. ఆ చీనా మాటను తీసి అదే అర్థమున్న దేశి మాట 'సేనే'ను పెట్టడం నాకెంతో నచ్చింది. అందుకే వెళ్ళేవారికి నేను చెప్పేది ఒక్కటే: స్థలం పేరును తెలుగులోనో రోమన్‌లోనో రాసుకుని చదివి వినిపించకండి, కొరియన్ల సొంత లిపి హంగుల్‌లో ఫోనులో దాచుకుని చూపించండి. నడకదారికి అక్కడివారు వాడే నేవర్ మ్యాప్ గాని కాకావో మ్యాప్ గాని పెట్టుకుని, వెతికేటప్పుడు కూడా హంగుల్ పేరునే అతికించండి.

మూసీ చదువరి:
తుంగభద్ర గారూ, మీ 'అ' ఇంకొక చిక్కు తెస్తుంది. నామ్‌సన్‌లో 'సన్' అంటే కొండ, మెట్రో రెండో మార్గానికి పేరైన 'ఇహొసొన్'లో 'సొన్' అంటే మార్గం. మీ పద్ధతిలో రెండూ 'సన్' అయిపోతాయి. 'వచ్చాడు' అన్నప్పుడు మన నోట పలికే అచ్చుకు లిపిలో చోటు లేక కొందరు 'వచ్చేడు' అని కూడా రాశారు. ఆ అవస్థ ఇక్కడా తప్పదు. తేడా చెరగకుండా ఉండేందుకే 'ఒ'ను ఎంచుకున్నాను.

విశాఖ తీరం:
ఏడేళ్ళు సొఉల్‌లో కాపురమున్నదాన్ని గనుక రెండు మాటలు చేరుస్తాను. సొబాంగ్‌లోని 'సొ'కు నిఘంటువులు ఇచ్చే చీనా అక్షరానికి అర్థం పుస్తకం. 'బాంగ్' అంటే గది కాబట్టి, పుస్తకాల గదిలో చదువుకుంటూ కూర్చునేవాడని అర్థం చెబుతారు. అయితే పడమరను కూడా 'సొ' అనే అంటారు. కొత్తల్లుడికి పడమటి గది ఇచ్చేవారు గనుక ఆ పేరు వచ్చిందని మా పొరుగింటి పెద్దలు చెప్పేవారు. నా మనసు ఈ రెండోదాని వైపే ఉంది, ఎందుకంటే చదువు కొందరికే ఉన్న కాలంలో అల్లుడు ప్రతి ఇంటికీ ఉన్నాడు.

సందర్శకులకు దీనికంటే ముఖ్యమైనది పిలుపు. అక్కడ పెద్దవారిని పేరు పెట్టి పిలవరు. టాక్సీ నడిపేవారిని 'గిసానిమ్', అంటే 'డ్రైవరుగారూ', అని పిలిస్తే ఎంతో మర్యాద. చిన్న భోజనశాలల్లో వడ్డించే పెద్దావిడను 'ఇమో' అని పిలవడం వాడుక. ఇమో అంటే తల్లి చెల్లెలు గాని అక్క గాని కాబట్టి, మనం 'పిన్నిగారూ' అన్నట్టే ఉంటుంది. నడివయసు ఆడవారిని పిలిచే 'అజుమ్మా' అన్న మాట వాడితే కొందరు నొచ్చుకుంటారు. ఏదీ తోచకపోతే 'యొగియొ', అంటే 'ఇక్కడండీ', అనండి. చాలాచోట్ల బల్లకే పిలుపు గంట ఉంటుంది, టిప్పు ఇచ్చే ఆచారం లేదు. పెద్దవారికి ఏదైనా ఇచ్చినా, వారి నుంచి పుచ్చుకున్నా రెండు చేతులతో చేయండి. రైల్లో వృద్ధుల సీట్లు ఖాళీగా కనిపించినా కూర్చోకండి.

శాకాహారులు ఒక మాటను గుర్తుంచుకోవాలి. 'గొగి ప్పెగొ జుసెయొ' అంటే 'మాంసం తీసేసి ఇవ్వండి' అని అర్థం. కాని చేప అక్కడ 'ముల్‌గొగి', అంటే నీటి మాంసం. 'గొగి' అన్నంత మాత్రాన చేపల పులుసు నీళ్ళు, కిమ్చీ పచ్చడిలోని ఉప్పులో ఊరేసిన రొయ్యలు పోవు. నేను మొదటి ఏడాదంతా ఈ సంగతి తెలియకుండానే తిన్నాను. వాటి పేర్లు కూడా విడిగా చెప్పి అడగండి.

తుంగభద్ర:
'గిసానిమ్'లోని 'నిమ్' మన 'గారు' వంటిదే, కాని జపాను పాలనను ఎదిరించిన బౌద్ధ సన్యాసి, కవి మాన్‌హే హాన్ యోంగ్ ఉన్ చేతిలో అది విడి మాటగా ఎంత ఎత్తుకు ఎదిగిందో చూడండి. ఆ 'నిమ్' ప్రియుడా, పోగొట్టుకున్న దేశమా, బుద్ధుడా అని నేటికీ వాదిస్తున్నారు. మూడూ అని చదివితేనే ఆ కవిత్వం పూర్తిగా అందుతుందని నా అభిప్రాయం. ఠాగూరును చదివి కవితతో బదులు చెప్పిన కవి ఆయన. సొంగ్‌బుక్ డోంగ్‌లోని ఆయన ఇల్లు సిముజాంగ్‌ను తప్పక చూడండి. నాలుగో మార్గంలో హాన్‌సొంగ్ విశ్వవిద్యాలయం స్టేషనులో దిగి కొండవాలు ఎక్కాలి. ఎండ కోసం ఇళ్ళు దక్షిణముఖంగా కట్టుకునే దేశంలో, జపాను గవర్నరు జనరల్ భవనాన్ని చూడనొల్లక 1933లో ఆయన ఉత్తరముఖంగా కట్టించుకున్నారు. ఆ గుమ్మంలో నిలబడినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

మూసీ చదువరి:
కవుల దారి పట్టారు గనుక నేనూ ఒక చోటు చెబుతాను. కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ 1905లో వ్యాకరణం రాసిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ సమాధి హాప్‌జొంగ్ స్టేషను దగ్గర యాంగ్హ్వాజిన్ విదేశీయుల శ్మశానంలో ఉంది. ఆయన చెప్పిన చుట్టరికాన్ని నేటి భాషావేత్తలు ఒప్పుకోరు. అయినా 'గాసొ' పక్కన 'వెళ్ళి'ని పెట్టి చూసినప్పుడు ఆయనకు ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. అక్కడికి బస్సులో వెళ్తే దిగేటప్పుడు కూడా టీ-మనీ అనే ఛార్జీల కార్డును యంత్రానికి ఆనించండి. తరువాతి బండిలో 'హ్వాన్‌సుంగ్ ఇమ్నిదా' అని వినిపిస్తే మీ బదిలీ ప్రయాణం లెక్కలోకి వచ్చినట్టు.

ఇక పడమటి గది మాట. తీరం గారి ఊహ అందంగానే ఉంది కాని, నిఘంటువులు పుస్తకమంటుంటే పొరుగింటి మాటను ఎలా నిలబెడతారు?

విశాఖ తీరం:
ప్రతి మాటకూ చీనా అక్షరం అతికించాలన్న పట్టుదల ఎన్ని దేశి మాటలను మరుగుపరచిందో తమరికి తెలియనిది కాదు. పుస్తకం, పడమర రెండూ తరువాత అతికించినవి కావచ్చునని కూడా నాకు అనిపిస్తుంది.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి నిన్న ఆ పెద్దావిడను మళ్ళీ అడిగిందట. ఆవిడ భర్తను పుట్టింటివారు బ్రతికినంతకాలం 'పాక్ సొబాంగ్' అనే పిలిచారట. అది పుస్తకమా పడమరా అని ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదట. ఆచార్యుల ఇంటికి మాత్రం వీధి పేరు, నంబరు హంగుల్‌లో రాసి ఇచ్చారు. 2014 నుంచి పూర్తిగా అమలైన కొత్త చిరునామా అదేనని, పాత పేట నంబరుతో వెతికితే తిరుగుతూనే ఉంటామని చెప్పారు.

తుంగభద్ర:
గట్టు గారూ, ఆవిడ ఆ సామెతను ఇంకొకసారి చెబితే అమ్మాయిని రికార్డు చేసి పంపమనండి. మూడు 'సొ'లూ ఒకేచోట వినిపిస్తే మాస్టారి 'ఒ' నిలుస్తుందో, నా 'అ' నిలుస్తుందో విని చూద్దాం.