నోట్సు ముందు పెట్టేసి, ఎవరైనా అడిగితే తీసేద్దామా?

లైబ్రరీ_హన్మకొండ:
నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. మా అధ్యాపకులు రాసిన డిగ్రీ నోట్సును ఎవరైనా ఉచితంగా దించుకుని, మార్చుకుని వాడుకునేలా వెబ్‌లో పెట్టాలనుకున్నాం. ఫైళ్ళు వచ్చాయి. తెరిచి చూస్తే రాత వాళ్ళదే, బొమ్మలు మాత్రం చాలావరకు ఇతరులవి. కొన్ని గూగుల్‌లో దొరికినవి, కొన్ని ఖరీదైన పుస్తకాల్లోంచి ఫోన్‌తో తీసినవి. స్టాఫ్‌రూంలో రెండు మాటలు వినబడుతున్నాయి. ముందు పెట్టేద్దాం, అభ్యంతరం వస్తే తీసేద్దాం అని ఒకటి. హక్కులు తేలేదాకా ఏదీ పెట్టొద్దని ఇంకొకటి. బోధించేవాళ్ళు, చదువుకునేవాళ్ళు మీరేమంటారు?

వృక్షశాస్త్రం_కాజీపేట:
ముందు పెట్టాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను. నా క్లాసులో ఇంగ్లీషు పుస్తకం కొనగలిగే పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసు గుర్తు చేసుకోండి. పాఠానికి కావాల్సిన పుస్తకాల భాగాలు జిరాక్స్ తీసి, కోర్సు ప్యాక్‌లుగా కట్టి పిల్లలకిచ్చిన షాపు అది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రచురణ సంస్థలు 2012లో కోర్టుకెక్కితే, 2016లో హైకోర్టు బోధన పక్షానే తీర్పిచ్చింది, 2017లో వాళ్ళే దావా వెనక్కి తీసుకున్నారు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ టీచరుకు ఆ వెసులుబాటు ఇచ్చింది. అలాంటప్పుడు ఒక బొమ్మ కోసం మొత్తం పాఠాన్ని ఆపడం ఏం న్యాయం?

లైబ్రరీ_హన్మకొండ:
సార్, ఆ తీర్పు మనకు పెద్ద అండ, నేను కాదనను. కానీ చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది బోధనలో భాగంగా టీచరో విద్యార్థో చేసుకునే నకలుకు. ఆ కేసులోని కోర్సు ప్యాక్‌లు ఆ కోర్సు చదివే పిల్లల కోసం తయారైనవి. మనం చేయబోయేది వేరు. ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి, అచ్చేసుకోండి అని ఊరందరికీ మాట ఇస్తున్నాం. కౌలుకు తీసుకున్న పొలాన్ని మనం అమ్మలేం కదా. అదే బొమ్మను క్లాసులో ప్రొజెక్టర్ మీద నిశ్చింతగా చూపించండి. వెబ్‌లో పెట్టే ఫైలులో మాత్రం దాని చోట వేరే బొమ్మ ఉండాలి.

ములుగు_డిగ్రీ_ఫైనల్:
నమస్తే సార్. ముందు పెట్టి తర్వాత తీసేస్తమంటే మాకేమైతదో చెప్త. పోయిన సెమిస్టర్ల ఒక సార్ నోట్సు లింకు గ్రూపుల పెట్టిండు. మా దిక్కు సిగ్నల్ సరిగ రాదు, పరీక్షలప్పుడు దించుకుందామని ఊకున్నం. తీరా చూస్తే లింకు లేదు. ఎవరో అభ్యంతరం చెప్తే బొమ్మలతోపాటు ఫైలు మొత్తం తీసేసిండ్రట. పరీక్ష నాలుగు రోజులుంది. జిరాక్స్ తీసుకున్నోళ్ళు చదివిండ్రు, మేము చదవలే. నెల ఆలస్యంగ పెట్టినా మంచిదే సార్, పెట్టినంక మాత్రం తీయకుండ్రి.

తెలుగు_మేడం_జనగామ:
తమ్ముడు చెప్పిన మాట నన్ను కదిలించింది. తీసివేత భారం మన మీద పడుతుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మా తెలుగు వాళ్ళ తిప్పలు బొమ్మలతో కాదు, పద్యాలతో. నేను వాడే లెక్క చెబుతాను. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు. వారు బతికుండగా అచ్చయిన రచనలు 2013 చివరితో అందరివీ అయ్యాయి, మొత్తం పెట్టుకోవచ్చు. దాశరథి గారు పోయింది 1987లో, కాబట్టి 2047 దాకా ఆగాలి. మన కాళోజీ 2002లో పోయారు, 2062 దాకా. పిల్లలకు నోటికి వచ్చిన కాళోజీ కవితనే మన పాఠంలో మొత్తంగా పెట్టలేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. అయినా విశ్లేషణకు అవసరమైన నాలుగు పాదాలు ఉటంకించి, పేరు చెప్పి, వాటి మీద నా మాటల్లో రాస్తున్నాను. విమర్శకు, సమీక్షకు చట్టం చోటిచ్చింది.

బమ్మెర పోతన పద్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. దాని కింద ఈ కాలపు పండితుడు రాసిన టీకా తాత్పర్యాల మీద ఉంటుంది. మా వాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. పద్యం పాతది కదా అని తాత్పర్యం కూడా ఎత్తి రాసేస్తారు.

వృక్షశాస్త్రం_కాజీపేట:
ఆ విద్యార్థి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. నా కడుపుమంట కూడా వినండి. నేను రాసిన కణశాస్త్రం నోట్సును ఇక్కడి ఒక కోచింగ్ సెంటర్ నా పేరు తీసేసి, వాళ్ళ అట్ట వేసి అమ్మింది. నా అక్షరదోషాలు కూడా అందులో అలాగే ఉన్నాయి. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. అందుకే నా ఫైళ్ళకు వ్యాపారానికి వాడకూడదనే షరతున్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కావాలి, అంటే ఏ షరతులతో వాడుకోవచ్చో రాసినవాళ్ళే ముందుగా చెప్పే అనుమతి.

లైబ్రరీ_హన్మకొండ:
సార్, మీకు జరిగింది అన్యాయం. ఆ షరతు కోరడం సబబే. అయితే మీ రెండో యూనిట్‌లో రెండు పేజీలు తెలుగు వికీపీడియాలోంచి తీసుకుని కొద్దిగా మార్చారు. వికీపీడియా పాఠానికి ఉన్నది క్రియేటివ్ కామన్స్‌లోనే సిసి బై ఎస్ఏ అనే లైసెన్సు. మూలం పేరు చెప్పాలి, మార్చి రాసినదాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వాలి. దాని మీద వ్యాపార నిషేధం అదనంగా పెట్టడం కుదరదు. ఆ రెండు పేజీలు మీ మాటల్లో తిరగరాస్తే మీ షరతు నిలుస్తుంది. విషయం ఎవరి సొత్తూ కాదు, చెప్పిన తీరుకే హక్కు.

ఇంకో మాట. సిసి బై ఎస్ఏ పెట్టినా మీ పేరు తీసేయడం లైసెన్సును ఉల్లంఘించడమే. మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది వాళ్ళు అమ్మడమా, పేరు తీసేయడమా? అది తేల్చుకుంటే ఏ లైసెన్సో తేలిపోతుంది.

పార్ట్‌టైం_పరకాల:
అందరూ నా నోట్సు, నా హక్కు అంటున్నారు. నేను గంటల లెక్కన జీతం తీసుకునేదాన్ని. రేపు నన్ను తీసేస్తే నా నోట్సు ఎవరివి? ఇది తేలకుండా నేను ఫైలు ఇవ్వను.

లైబ్రరీ_హన్మకొండ:
మేడం, అడగాల్సిన ప్రశ్న ఇదే. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఉద్యోగమిచ్చిన సంస్థ. గంటల లెక్కన పనిచేసేవాళ్ళు ఆ ఉద్యోగి కోవలోకి వస్తారా అన్నది మీ నియామకపు షరతుల మీద ఆధారపడుతుంది. అందుకే రాతపూర్వకంగా పెడదాం. హక్కు రాసినవారిది, ఈ లైసెన్సు కింద ప్రచురించడానికి మాత్రం వారు సమ్మతించారు అని ఒక పేజీ. దాని మీద మీరూ, సంస్థ తరఫున అధికారీ సంతకం చేయాలి. ఆ కాగితం మీ చేతికి వచ్చాకే ఫైలు ఇవ్వండి.

మొదట అందరికీ ఒక రోజు వర్క్‌షాప్ పెట్టి సెక్షన్లు వివరిద్దామనుకున్నాను. ఇదంతా చదివాక ఆ ఆలోచన మానుకున్నాను. ఎవరి ఫైలు వాళ్ళు తెచ్చుకుంటే పక్కన కూర్చుని పేజీ పేజీ చూస్తాను. సొంతమా, లైసెన్సు ఉన్నదా, మార్చాల్సిందా అని ప్రతి బొమ్మకూ గుర్తు పెడదాం. తేలిన యూనిట్లు వెంటనే వెబ్‌లోకి వెళ్తాయి. మిగిలినవాటి కోసం అవి ఆగక్కర్లేదు.

వృక్షశాస్త్రం_కాజీపేట:
బొమ్మలు మార్చమంటున్నారు, గీసేదెవరు? నాకు చేయి తిరగదు. ఒక్కటి తోచింది. మా పిల్లలు ప్రాక్టికల్ రికార్డుల్లో మొక్కజొన్న కాండం అడ్డుకోత, వేరు అడ్డుకోత సూక్ష్మదర్శినిలో చూసి పెన్సిల్‌తో గీస్తారు. కొందరి గీత పుస్తకంలో బొమ్మ కంటే స్పష్టంగా ఉంటుంది.

ములుగు_డిగ్రీ_ఫైనల్:
నా రికార్డు ఉన్నది సార్. ఇస్త.

లైబ్రరీ_హన్మకొండ:
తమ్ముడూ, ఆ బొమ్మ హక్కు నీది. నీకూ ఒక పేజీ కాగితం ఉంటుంది, బొమ్మ కింద నీ పేరు పడుతుంది. సార్, శనివారం మధ్యాహ్నం రెండింటికి మొదటి యూనిట్ తీసుకుని రండి. స్కానర్ ఖాళీగా ఉంచుతాను.