ఏ జీవీ మారకుండానే జాతి ఎలా మారుతుంది?

ప్రశ్న: జీవులు పరిసరాలకు తగ్గట్టు మారతాయని చిన్నప్పటి నుంచి చదువుతున్నాను. కానీ ఏ జీవి అయినా పుట్టుకతో వచ్చిన జన్యువులతోనే బతికి చనిపోతుంది కదా, మరి మారేది ఏమిటి? దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: మీ సందేహం సరైనదే. మారేది జీవి కాదు, సమూహంలో ఏ జన్యురూపం (ఒక జన్యువుకు ఉండే వేర్వేరు రూపాల్లో ఒకటి) ఎంత పాలు ఉందన్న లెక్క. పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నీ మేజర్‌లో జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మెరీ గ్రాంట్ దంపతులు ఏళ్ల తరబడి ఫించ్ పిట్టల ముక్కులు కొలిచారు. 1977లో వానలు లేక మెత్తని చిన్న గింజలు అయిపోయి, పల్లేరు జాతి ముళ్లకాయల్లాంటి గట్టివే మిగిలినప్పుడు, వాటిని పగలగొట్టగల లావుపాటి ముక్కున్న పిట్టలే ఎక్కువగా బతికాయి. కరువు వల్ల ఏ పిట్టకూ ముక్కు పెరగలేదు. అయితే ముక్కు మందం వారసత్వంగా వచ్చే లక్షణం కాబట్టి, ఆ తర్వాత పుట్టిన తరం సగటు ముక్కు మునుపటికంటే లావుగా తేలింది.

రెండో జవాబు: దీనికి ఒక మాట చేర్చాలి. ప్రతి మార్పూ ఇలా తగిన లక్షణమున్నవే ఎక్కువగా బతకడం (ప్రకృతి వరణం) వల్లే రాదు; ఏవి మిగిలాయన్న యాదృచ్ఛికత వల్ల కూడా వస్తుంది. ఉత్తర ఏనుగు సీళ్లనే సముద్ర జంతువులను నూనె కోసం వేటాడగా 19వ శతాబ్దం చివరికి గుప్పెడే మిగిలాయి. వాటి సంఖ్య మళ్లీ ఎంతో పెరిగినా, 1974లో 24 జన్యుస్థానాలను (క్రోమోజోములపై జన్యువులు ఉండే చోట్లను) పరీక్షిస్తే ఒక్కదానిలోనూ వైవిధ్యం కనిపించలేదు. నాకు బాధ కలిగించేది ఇదే: మందను తిరిగి పెంచవచ్చు గానీ, పోయిన వైవిధ్యం ఉత్పరివర్తనాల (జన్యువుల్లో అనుకోకుండా వచ్చే మార్పుల) ద్వారా పోగుపడటానికి ఎన్నో తరాలు పడుతుంది.

ప్రశ్న: ధన్యవాదాలండీ. అయితే లావు ముక్కు ఎప్పటికీ మేలేనా?

మొదటి జవాబు: కాదండీ. 1982-83లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కడం) తెచ్చిన భారీ వానల తర్వాత చిన్న గింజలు విస్తారంగా దొరికాయి, ఈసారి మొగ్గు చిన్న ముక్కులవైపు తిరిగింది.